మారిషస్‌కు ముందు మొక్కు

మా అక్క భాగీరథి ఎవరినైనా తిడుతోందంటే ఆ మనిషి ఆమెకు కావలసినవాడని అర్థం. కిట్టనివాళ్లతో మాత్రం చాలా మర్యాదగా ఉంటుంది. మా బావ సోమలింగాన్ని పెళ్లయిననాటి నుంచీ తిడుతూనే ఉంది, కాకపోతే ఆయనకు సగమే వినబడుతుంది. గుజరాత్‌కు వలసొచ్చి ఖటోదరాలో మగ్గాల మోత మధ్య బతుకంతా గడిపిన మనిషికి చెవులు మిగులుతాయా? అందుకని ఆ ఇంట్లో ఏ మాటైనా కేకేసి చెప్పాల్సిందే. నవాగామ్‌లో వాళ్ల గల్లీకి ఆ ఇంటి సంగతులన్నీ తెలుసు. ఉల్లిగడ్డలు అయిపోయినా తెలుస్తుంది, ఎవరి కడుపు నొచ్చినా తెలుస్తుంది.

అలాంటి ఇంట్లో మా మేనల్లుడు శివకృష్ణ ఒక సంగతిని ఏడాదిపాటు దాచాడు. ఆ పిల్లవాడి గట్టితనం అక్కడే తెలుసుకోవాల్సింది నేను. ఓ ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉండగా వాడు తండ్రి ముందు కూర్చుని, “బాపూ, నేను సాధువునైతున్న. ఆశ్రమమోళ్లు నన్ను మారిషస్‌కు తోలుతున్నరు” అన్నాడు. బావకి వినబడలేదు. కొంచెం గట్టిగా అన్నాడు. అయినా వినబడలేదు. మూడోసారి గొంతెత్తి అరిచేసరికి గల్లీలో నల్లా దగ్గరున్న ఆడవాళ్లందరూ బిందెలు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సన్యాసం సంగతి అంత గట్టిగా చెప్పుకున్నవాడు ఇంకొకడు ఉండడు.

నేను అక్క మొహం చూశాను. బండ తిట్లు మొదలవుతాయని సిద్ధంగా ఉన్నాను. ఆమె కూలికి తెచ్చుకున్న చీర మీద మెరుపురాళ్లు అతికిస్తున్న చెయ్యి ఆపి, కొడుకు వైపు చూసి, “మంచిది. కాళ్లు చేతులు కడుక్కోండి, అన్నం పెడుత” అంది.

కడుక్కోండి అంది. కన్నకొడుకుని.

శివకృష్ణ చెడ్డపిల్లవాడు కాదు. చెడ్డవాడయితే ఈ కథంతా ఎందుకు? బడికెళ్లే రోజుల్లో డిండోలీ అవతల ఉన్న ఆశ్రమంలో ఆదివారం క్లాసులకు పోయేవాడు. మొదట్లో అక్కడ పెట్టే లడ్డూ కోసమే పోయాడని అందరం నవ్వుకున్నాం. మీసాలు రాకముందే మాంసం మానేశాడు. అప్పటినుంచి మా అక్క పొయ్యి మీద రెండు గిన్నెలు. వాడి గిన్నె వేరు, గరిటె వేరు. “ఇంట్ల బామన్ల పిల్లగాన్ని కన్న” అని తిడుతూనే వాడి గరిటె ముందు కడిగేది. తరవాత ఐటీఐ చేసి హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. కంపెనీ బస్సులో పోవడం, కంపెనీ బస్సులో రావడం, స్నానం చేసి ఆశ్రమానికి పోవడం.

గుజరాతీ మీడియంలో చదివినవాడు, వాడికి తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. పోయినేడు నా దగ్గరికొచ్చి, “మామా, జర అక్షరాలు నేర్పు” అన్నాడు. నేను మగ్గాలు రిపేరు చేసే మనిషిని, పంతుల్ని కాదు. అయినా సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పాను. నా బిడ్డ హారతిని వాడికివ్వాలని మా ఇద్దరిళ్లల్లో చిన్ననాటినుంచీ ఉన్న మాటే. పెళ్లిపత్రిక చదువుకోవడానికి నేర్చుకుంటున్నాడు కాబోలని నేను లోలోపల మురిసిపోయాను. తీరా చూస్తే అది మారిషస్ కోసం. వాడి ప్రయాణానికి మూట కట్టింది నేనే.

హారతిని అడిగితే, “నాకేం ఫరక్ పడది నాయినా. ఆయన ఎప్పుడన్న నా దిక్కు సూసిండా?” అని తన పని తాను చేసుకుంది. బాధపడింది నేనే.

మారిషస్‌లో వీడికేం పని అంటే, అక్కడ మన తెలుగువాళ్లే ఉన్నారట. తాతల తాతలు చెరకు తోటల్లో కూలికి పడవలెక్కి పోతే, వాళ్ల సంతానం అక్కడే నిలిచిపోయిందట. చాలామందికి తెలుగు పోయినా అమ్మవారు పోలేదట. కొందరు ఇంకా కోళ్లనూ మేకలనూ ఇస్తారని ఆశ్రమం వాళ్లకు కబురు. ఆ పిల్లలకు తెలుగులో భజనలు నేర్పాలి, ఆ పెద్దలకు జీవహింస వద్దని నచ్చచెప్పాలి. అందుకు తెలుగు తెలిసిన సాధువు కావాలి. ఒకసారి దీక్ష తీసుకున్నాక వాడు ఇంటి గడప తొక్కకూడదు. మారిషస్ తరవాత ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి.

అయితే ఆ ఆశ్రమంలో ఒక నియమం ఉంది. దీక్షకు ముందు తల్లి స్వయంగా పెద్దస్వామి ఎదుటికొచ్చి, నా కొడుకుని సంతోషంగా ఇస్తున్నాను అని నోటితో చెప్పాలి. ఆమె చెప్పకపోతే దీక్ష లేదు. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది, తెల్లబట్టల సంచి తలుపు పక్కన నిలబడింది. మా అక్క నోట మాట మాత్రం రాలేదు. ఔననదు, కాదనదు. చీరల మీద రాళ్లు అతికిస్తూ కూర్చుంటుంది. వాడు పక్కన కూర్చుంటే, “మీకు చాయ్ పెట్టాల్నా?” అంటుంది. వాడు తల దించుకుని లేచిపోతాడు. ఆ మర్యాద చూస్తుంటే నాకే ఊపిరాడేది కాదు.

చివరికి ఒకనాడు నన్ను పిలిపించింది. బావ, శివకృష్ణ కూడా ఉన్నారు.

“తమ్మీ, నువ్వే సాచ్చెం” అంది. “వీనికి నాలుగేండ్లప్పుడు ఒళ్లంత అమ్మ పోసింది. కండ్లు గూడ తెరువలే. గుర్తున్నదా?”

ఎందుకు గుర్తులేదు. వేపమండల మీద పడుకోబెట్టి, తెల్లవార్లూ విసురుతూ కూర్చున్నాం.

“అప్పుడు పోచమ్మకు మొక్కిన. పిలగాడు బతికితే వాని పెండ్లినాడు, వాని చేత్తోనే యాటను తోల్కచ్చి నీకిస్త అన్న. ఇగ పెండ్లి లేదాయె. మొక్కు మాత్రం ఉన్నది. సముద్రం దాటకముందు అది తీరాలె. వాడే తాడు వట్టాలె. గది చేస్తే మీ సామి ముంగట నోటినిండ చెప్త, తోల్కపోండ్రని.”

యాట అంటే మా వైపు మేకపోతు. శివకృష్ణ మొహంలో రక్తం లేదు. “అమ్మా, నేను అక్కడికి పోయేదే జీవాలను కొయ్యొద్దని చెప్పతందుకు.”

“ఆళ్లకు చెప్పుకోండి. నాకెందుకు చెప్తున్నరు.”

“నేను పట్టొద్దమ్మా. తెలిస్తే నన్ను పంపరు. పంపుడు గాదు, నాకే మనసు ఒప్పది. గుమ్మడికాయ కొడుదాం. అది గూడ బలే గదా.”

“నీ పానం కోసం నేను గుమ్మడికాయ మొక్కలే కొడుకా” అంది అక్క. అన్ని రోజుల తరవాత వాణ్ని నువ్వు అంది. వాడికది చాలింది. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. మా అక్కని పుట్టినకాడినుంచి చూస్తున్నవాణ్ని. శివకృష్ణ బయటికి పోగానే, బావ వైపు వీపు పెట్టి మెల్లగా అడిగాను. “అక్కా, నిజం చెప్పు. మొక్కు దీర్చుకుంటున్నవా, పోరని కాళ్లు కట్టేస్తున్నవా?”

“నీ నోట్ల మన్నువడ” అని మొదలుపెట్టి మా ఇంటిపేరుతో సహా తిట్టింది. తిట్టడం అయిపోయాక రాళ్ల డబ్బా మూతపెట్టి, “రెండూ” అంది.

“అంటే?”

“మొక్కింది నిజం. వాడు తాడు వట్టినంక, ఆ సామి అడిగినప్పుడు, మొన్న యాటను వట్టుకొచ్చింది ఈడే అని చెప్త. గప్పుడు పంపుతరా? ఎట్ల పంపుతరో నేనూ చూస్త.”

“ఆడు నిన్ను నమ్మి తాడు పడుతడు గదనే.”

“నమ్మనీ. ఇంట్లనైతే ఉంటడు గద.”

మేనల్లుడికి చెబితే తోడబుట్టినదానికి ద్రోహం, చెప్పకపోతే వాడికి ద్రోహం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నేను ఆ రెంటి మధ్య బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాను.

శివకృష్ణ రెండు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. తరవాత ఒక ఉదయం తల్లి దగ్గరికొచ్చి, “తాడు పడుత” అన్నాడు.

రైలుకట్ట పక్కన మనవాళ్లు కట్టుకున్న చిన్న పోచమ్మ గద్దె ఉంది. ఏటా ఆషాఢంలో అక్కడ బోనాలు, కోళ్లు. యాట అరుదు. కోరుట్ల వైపు నుంచి వచ్చిన బక్కయ్య అక్కడ పూజ చేస్తాడు. మిగతా రోజుల్లో మిల్లులో పనే. ఆదివారం పొద్దున అక్క బోనమెత్తుకుంది. వెనక శివకృష్ణ, తెల్లచొక్కాలో, యాట తాడు పట్టుకుని నడిచాడు. గల్లీ అంతా చూసింది. ఆశ్రమం పిల్లవాడు యాటను తోలుకుపోవడం వాళ్లకు కూడా చోద్యమే.

మా దగ్గర యాటను ఊరికే కోయరు. ముందు దాని మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎవరి మనసులోనో ఏదో ఉన్నట్టు. అప్పుడు ఎవరి తప్పు వాళ్లు అమ్మకు చెప్పుకోవాలి, మళ్లీ నీళ్లు చల్లాలి. అది కదిలేదాకా కత్తి లేదు.

బక్కయ్య నీళ్లు చల్లాడు. యాట కదల్లేదు. మెడలోని వేపమండను తీరిగ్గా నములుతోంది. ఇంకోసారి చల్లాడు. అది నములుతూనే ఉంది. డప్పు ఆగిపోయింది.

“ఎవలి కడుపులనో ఏదో ఉన్నది” అన్నాడు బక్కయ్య. “దాసుకోకుండ్రి. చెప్పుకోండ్రి.”

ముందు మా బావ చేతులు జోడించాడు. ఆయన మొక్కుకున్నా గల్లీ అంతా వినాల్సిందే కదా. “తల్లీ, పోయినేడు మగ్గం ఇడిసిపెట్టి నీ పండుగకు రాలే. తప్పైంది” అని అరిచాడు. యాట కదల్లేదు. నేను ముందుకొచ్చాను. గుజరాత్‌లో తాగకూడదని తెలిసీ తాగిన సంగతి అమ్మకు చెప్పుకున్నాను. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. యాట నా వైపు చూడను కూడా చూడలేదు.

అందరూ అక్క వైపు తిరిగారు. ఆమె బోనం దించిన చోటే నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. ఆమె ఏం చెప్పాలో నాకొక్కడికే తెలుసు. చెబితే కొడుకు వింటాడు. కొంగు నోట్లో కుక్కుకుని తల అడ్డంగా ఊపింది.

ఎండెక్కుతోంది. ఎవరో, ఇంటికి తోల్కపోదామా అన్నారు. అప్పటిదాకా కళ్లు మూసుకుని నిలబడ్డ శివకృష్ణ కళ్లు తెరిచాడు. తాడు వదలకుండానే గద్దె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“తల్లీ” అన్నాడు. “నాకు ఈ తాడు వట్టుడు ఇష్టం లేదు. అబద్ధం చెప్ప. గానీ నన్ను బతికిచ్చినవని మా అమ్మ అంటది. ఆమె నీకు మాటిచ్చింది. ఆమె మాట కోసం పట్టిన, ఎవలు బలవంతపెట్టలే. నిన్ను ఇడిసిపెట్టి పోతలేను. మా అమ్మను జర పరేషాన్ జెయ్యకు.”

బక్కయ్య నీళ్లు చల్లాడు. యాట ముట్టె నుంచి తోకదాకా ఒక్కసారి విదిలించింది. ఆ నీళ్లు వాడి తెల్లచొక్కా మీదంతా పడ్డాయి. డప్పు మళ్లీ మొదలైంది. బక్కయ్య వచ్చి వాడి చేతిలోంచి తాడు తీసుకున్నాడు. మేనల్లుడు మొహం తిప్పుకుంటాడనుకున్నాను, తిప్పుకోలేదు. అంతా చూశాడు. తరవాత నల్లా కింద చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు కూర గల్లీలో అందరూ తిన్నారు, మా అక్క తప్ప.

ఆశ్రమానికి పోయే రోజు వచ్చింది. నేను రాననుకున్నాను, అక్క ఒప్పుకోలేదు. పెద్ద హాలు, చల్లటి నేల, అగరుబత్తి వాసన. పెద్దస్వామి ముసలాయన. గుజరాతీ ఆయన, మాతో హిందీలో మాట్లాడాడు. నెమ్మదస్తుడు. ఆయన్ని తిట్టుకుందామని పోయినవాణ్ని, తిట్టడానికి ఏమీ దొరకలేదు.

“మాతాజీ, మీ కొడుకుని సంతోషంగా ఇస్తున్నారా?” అని అడిగాడు.

అక్క నా వైపు చూసింది. ఆ మాట ఆమె నాలుక చివర ఉంది, ఒక్క ముక్క చాలు. తరవాత ఆమె కొడుకు వైపు చూసింది. వాడు తల్లినే చూస్తున్నాడు. భయం లేదు, బతిమాలుకోవడం లేదు. నువ్వేం చెప్పినా సరే అన్నట్టు కూర్చున్నాడు. గద్దె ముందు మోకాళ్ల మీద కూర్చున్నట్టే.

“లే జావో” అంది అక్క. “ఖుషీ సే దేతీ హూఁ.” తరవాత హిందీ చాలక తెలుగులో, “సలికి దగ్గొస్తది వీనికి. జర చూసుకోండ్రి” అంది.

నాకు ఒక్కసారి ఏడుపొచ్చింది. ఆమె అంత పని చేయగలదని నేను అనుకోలేదు. తోడబుట్టినదాన్ని నేనే తక్కువ అంచనా వేశాను.

అంతటితో అయిపోయేది. కాని శివకృష్ణ స్వామి పాదాల ముందు సాగిలపడి లేచి, “ఒక సంగతి చెప్పాలి” అన్నాడు. పోచమ్మ దగ్గరికి యాటను తానే తీసుకుపోయానని, తాడు తానే పట్టుకున్నానని చెప్పాడు.

“ఎవరైనా బలవంతం చేశారా?” అని అడిగాడు స్వామి.

“లేదు బాపజీ. నా ఇష్టంతోనే పట్టాను.”

మా అక్కకి ఆ మాత్రం హిందీ అర్థమవుతుంది. లేచి నిలబడింది. “అబద్ధం. నేను పట్టిచ్చిన. నేను మొక్కిన, నేను పట్టుమన్న. తప్పు నాది” అంటూ స్వామి ముందుకు పోయింది. హిందీ పోయి తెలుగు వచ్చింది, తెలుగు పోయి తిట్లు వచ్చాయి. “నీకు తల్లి లేదా సామీ? తల్లి మాట ఇంటే తప్పా? నేను ఇచ్చిన గదా, తీస్కపో” అంది. ఎవరికి ఇవ్వకూడదని ఏడ్చిందో వాళ్లనే తీసుకుపొమ్మని ఏడ్చింది.

స్వామి అన్నీ విన్నాడు. “దోషం ఎవరిదని కాదు మాతాజీ. అక్కడికి పోయి వాళ్లను కత్తి దించమనాల్సినవాడు ఇతను. ఈ చేతులతో ఎట్లా చెబుతాడు? కొన్నేళ్లు ఇంట్లోనే ఉండనీ. తరవాత చూద్దాం.” మారిషస్‌కు ఇంకొకర్ని పంపుతామని మెల్లగా చెప్పాడు.

ఆటోలో ఇంటికి వస్తున్నాం. మా బావకు హాల్లో జరిగినదేదీ వినబడలేదు. “ఏమన్నరు? ఎప్పుడు పోతున్నడు?” అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి శివకృష్ణే తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి, “పోతలేను బాపూ. ఇంటికాన్నే ఉంట” అని అరిచాడు. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. బావ మొహం విచ్చుకుంది. కొడుకు తొడ మీద చరిచి చరిచి నవ్వాడు. “మంచిగైంది, మంచిగైంది” అన్నాడు. ఇల్లు వచ్చేదాకా అంటూనే ఉన్నాడు.

శివకృష్ణ మళ్లీ హజీరా బస్సెక్కుతున్నాడు. ఆశ్రమానికి పోవడం మానేశాడు. పొమ్మన్నా పోడు. పెట్టింది తింటాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు. ఒకసారి మా ఆవిడ లలిత హారతి మాట కదిలిస్తే, “మీ ఇష్టం అత్తమ్మా” అన్నాడు. అది విని ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అక్క ఇంట్లో మాంసం వండడం మానేసింది. వాడు గమనించాడో లేదో కూడా తెలియదు.

మొన్న నేను పోయేసరికి వాడు రెండో షిఫ్టుకు తయారవుతున్నాడు. అక్క టిఫిన్ డబ్బా కడుతూ, “పా కొడుకా, మీ సామి దగ్గరికి పోదాం. నేను ఆయన కాళ్లు వట్టుకుంట” అంది.

“వద్దమ్మా.”

“ఎందుకొద్దు?”

వాడు బూట్లు కట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. “ఆనాడు గద్దె కాడ అందరు చెప్పిండ్రు, నువ్వొక్కదానివి చెప్పలే. మనసుల పోచమ్మను ఏమడిగినవ్?”

నేను ఉన్నానని కూడా చూడలేదు అక్క. “నువ్వు పోవద్దని అడిగిన” అంది.

“మరి ఇన్నది గద” అన్నాడు శివకృష్ణ. కోపంగా అనలేదు. డబ్బా తీసుకుని, “పోయస్త మామా” అని నాకు చెప్పి బయటికి నడిచాడు.

అక్క గుమ్మం పట్టుకుని, వాడు గల్లీ మలుపు తిరిగేదాకా చూసింది.

“నేను ఉంచుమన్నది వీన్ని గాదు తమ్మీ” అంది.